ఎగిరే పళ్ళేలు: ఒక భౌతిక శాస్త్రజ్ఞుని అన్వేషణ

జంగారెడ్డిగూడెం వంటి మెట్ట ప్రాంతపు ఊళ్ళలో వేసవి రాత్రులు ఆరుబయట మంచాలు వేసికొని పడుకోవడం తరతరాల అలవాటు. నిద్ర పట్టేలోగా చూపు ఆకాశం మీదికి పోతుంది. సప్తర్షి మండలం ఎంత వాలిందో చూచి రాత్రి ఎన్ని జాములైనదో చెప్పగల పెద్దలు ఒకప్పుడు ప్రతి వాడలోనూ ఉండేవారు. నక్షత్రమేదో, గ్రహమేదో, రాలే చుక్క ఏదో వారికి తెలుసు. అందుచేతనే ఎన్నడూ చూడనిది ఏదైనా ఆకాశంలో కనిపిస్తే, అది తమకు తెలియనిదన్న సంగతి కూడా వారికి తక్షణమే తెలిసేది.

ఆ మెట్ట నుంచి దక్షిణంగా ఏలూరు దాటి పల్లానికి దిగితే కొల్లేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పరచుకొన్న ఈ సరస్సుకు తమ్మిలేరు, బుడమేరు మొదలైన ఏరులు నీరు తెచ్చి పోస్తాయి. ఆ నీటిని ఉప్పుటేరు సముద్రానికి చేరుస్తుంది. ఇటువంటి చిత్తడి నేలలున్న ప్రతి దేశంలోనూ, చీకటి రాత్రి నీటి మీద సన్నని వెలుగు లేచి కదలిందనీ, దగ్గరకు పోతే దూరంగా తొలగిందనీ జనం చెప్పుకొంటారు. మన తెలుగువారు దానికి కొరివిదయ్యమని పేరు పెట్టారు. నీటి అడుగున కుళ్ళిన మొక్కల నుంచి పుట్టే మీథేను వాయువు మండి ఆ వెలుగు నిస్తుందని చాలాకాలంగా చెప్పబడుతున్నది. అయితే ఆ వాయువు తనంతట తాను ఎట్లా అంటుకొంటుందనే విషయంలో శాస్త్రజ్ఞుల చర్చ ఇంకా ముగియలేదు. దయ్యాన్ని తొలగించి వాయువును నిలబెట్టినంత మాత్రాన ప్రశ్న పూర్తి కాలేదన్నమాట.

సరిగ్గా ఈ చిత్తడి వాయువే 1966లో అమెరికా దేశంలో పెద్ద దుమారం లేపింది. ఆ దుమారంలో నుంచి బయటికి వచ్చిన ఒక భౌతిక శాస్త్రజ్ఞుని కథే నేటి మన విషయం.

ఆ సంవత్సరం మార్చి నెలలో మిషిగన్ రాష్ట్రంలో డెక్స్‌టర్ అనే ఊరి దగ్గర, ఒక బురదనేల మీద వింత వెలుగులు కనిపించాయని ఒక రైతు కుటుంబమూ, పోలీసు ఉద్యోగులూ చెప్పారు. మరునాటి రాత్రి హిల్స్‌డేల్ అనే ఊరిలో ఒక కళాశాల వసతిగృహం నుంచి ఎనభైమందికి పైగా విద్యార్థినులు అటువంటివే చూచారు. అమెరికా వైమానిక దళానికి ఇటువంటి విషయాలలో సలహాదారుగా ఉన్న ఖగోళ శాస్త్రజ్ఞులు అలెన్ హైనెక్ అక్కడికి వెళ్ళి, మార్చి 25వ తేదీన డెట్రాయిట్ నగరంలో పత్రికలవారిని సమావేశపరచి, ఆ రెండు చోట్లా కనిపించినది చిత్తడి వాయువు కావచ్చునని చెప్పారు. ఆయన మాటలో ‘కావచ్చును’ అన్నది ఉన్నది. పత్రికలలో అది మిగలలేదు. చూచినవారు మండిపడ్డారు. ‘బురదలో పుట్టి పెరిగినవాళ్ళకు బురద తెలియదా?’ అన్నది వారి బాధ. ఆ రాష్ట్రం నుంచి ఎన్నికైన ప్రతినిధి జెరాల్డ్ ఫోర్డ్, తరువాతి కాలంలో దేశాధ్యక్షులైనవారు, దీనిపై చట్టసభ విచారణ జరపాలని కోరారు. ఏప్రిల్ నెలలో విచారణ జరిగింది.

ఇంతకు పూర్వం జరిగినది కొంత తెలిసికొంటేగాని ఈ ఘట్టం అర్థం కాదు. 1947 జూన్ 24వ తేదీన కెన్నెత్ ఆర్నల్డ్ అనే ఆయన సొంత విమానం నడుపుకొంటూ, వాషింగ్టన్ రాష్ట్రంలోని రేనియర్ పర్వతం దగ్గర తొమ్మిది మెరిసే వస్తువులు మహావేగంతో పోవడం చూచారు. నీటి మీద పళ్ళేన్ని విసిరితే అది ఎగిరెగిరి పడుతూ పోయినట్లుగా అవి కదిలాయని ఆయన పోలిక చెప్పారు. ఆ పోలిక కదలికను గురించినది, ఆకారాన్ని గురించినది కాదు. పత్రికలవారు ఆ మాటను పట్టుకొని ‘ఎగిరే పళ్ళేలు’ అన్న పేరు సృష్టించారు. ఆ తరువాత చూచినవారిలో ఎంతోమంది పళ్ళేల ఆకారాలనే చూచారు! ఒక సాక్షి చెప్పిన మాట, విన్నవాని చేతిలో ఎట్లా రూపు మారుతుందో, మారిన ఆ రూపం తరువాతి సాక్షుల కళ్ళను కూడా ఎట్లా నడుపుతుందో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

నాటి నుంచి అమెరికా వైమానిక దళం ఇటువంటి సమాచారాన్ని నమోదు చేయసాగింది. 1969 వరకు ఆ పని సాగి, మొత్తం 12,618 సంఘటనలు దస్త్రాలకెక్కాయి. వాటిలో 701 మాత్రం ఏమిటో తేలలేదని ఆ దళమే ప్రకటించింది. మిగిలినవన్నీ శుక్రగ్రహమనీ, ఉల్కలనీ, విమానాలనీ, పరిశోధనలకు వదలిన బెలూన్లనీ, ఇత్యాదిగా తేల్చారు. చాలా వరకు అది నిజమే. కాని ప్రతి సంఘటనకు ఏదో ఒక చీటీ అంటించి దస్త్రం మూసివేయాలన్న తొందర కూడా వారిలో ఉండేది. ఆ తొందరను సహించలేక ఎదురు నిలిచిన వారిలో ముఖ్యులు జేమ్స్ మెక్‌డోనాల్డ్.

మెక్‌డోనాల్డ్ 1920లో మిన్నెసోటా రాష్ట్రంలోని డలూత్ నగరంలో జన్మించారు. మొదట రసాయన శాస్త్రం, తరువాత వాతావరణ శాస్త్రం చదివారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశారు. 1951లో భౌతిక శాస్త్రంలో డాక్టరు పట్టం పొంది, కొద్ది కాలానికి ఆరిజోనా విశ్వవిద్యాలయంలో చేరి, వాతావరణ భౌతికశాస్త్ర పరిశోధన అక్కడ వేరూనడానికి కారకులైనవారిలో ఒకరయ్యారు. మేఘాలలో నీటిబొట్టు ఎట్లా ఏర్పడుతుంది, మంచు స్ఫటికం ఎట్లా పెరుగుతుంది, కృత్రిమంగా వాన కురిపించడం ఎంతవరకు సాధ్యం అన్నవి ఆయన వృత్తి విషయాలు. ఆ రంగంలో ఆయన మాటకు గౌరవం ఉండేది. జాతీయ విజ్ఞాన పరిషత్తు సంఘాలలో ఆయనకు స్థానం ఉండేది.

1954లో ఒకనాడు ఆయన మరి ఇద్దరు వాతావరణ శాస్త్రజ్ఞులతో కలిసి ఆరిజోనా ఎడారిలో కారులో పోతున్నారు. దూరాన ఆకాశంలో ఒక కాంతిబిందువు కనిపించింది. వృత్తిరీత్యా ఆకాశాన్ని చదివే ఆ ముగ్గురికీ అదేమిటో తెలియలేదు. అది గొప్ప దృశ్యమేమీ కాదు. దిగివచ్చిన రథమూ లేదు, వింత మనుష్యులూ లేరు. ఒక వెలుగు, దానికి పేరు లేదు, అంతే. కాని మెక్‌డోనాల్డ్ మనస్సులో అది నాటుకొన్నది. తరువాతి సంవత్సరాలలో, విశ్వవిద్యాలయపు పని ముగిసిన వేళలలో, టూసాన్ పరిసరాలలో ఎవరైనా వింత వస్తువు చూచామని చెబితే వారి దగ్గరకు వెళ్ళి మాట్లాడి వ్రాసికొనేవారు. ఈ పని ఆయన దాదాపు పది సంవత్సరాలు చాటుగా చేశారు. మేఘాల శాస్త్రజ్ఞుడు పళ్ళేల వెంట పడ్డాడన్న మాట పుడితే తన అసలు పరిశోధనకు ముప్పు కలుగుతుందని ఆయనకు తెలియకపోలేదు.

చిత్తడి వాయువు దుమారం లేచిన 1966లో ఆయన ఆ చాటును విడిచారు. జూన్ నెలలో ఒహాయో రాష్ట్రంలోని రైట్ పాటర్సన్ వైమానిక స్థావరానికి వెళ్ళి దస్త్రాలను తిరగవేశారు. అక్కడ ఆయనకు 1953 నాటి ఒక నివేదిక కంటపడింది. రాబర్ట్‌సన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుని అధ్యక్షతన కొద్దిమంది శాస్త్రవేత్తలు, ప్రభుత్వ గూఢచారి సంస్థ కోరిక మీద కొద్ది రోజులు కూర్చుండి వ్రాసిన నివేదిక అది. ఈ వస్తువుల వల్ల దేశానికి ప్రత్యక్షంగా ముప్పు కనబడలేదనీ, ప్రజలలో ఉన్న కుతూహలాన్ని తగ్గించే ప్రయత్నం చేయడం మంచిదనీ దాని సారాంశం. అనగా పరిశోధించవలసిన విషయాన్ని, శాంతింపజేయవలసిన విషయంగా మార్చారని మెక్‌డోనాల్డ్‌కు తోచింది. ఆయన నేరుగా హైనెక్ దగ్గరకు వెళ్ళి, ఇన్ని సంవత్సరాలు ఇంత సమాచారం చేతిలో పెట్టుకొని తోటి శాస్త్రజ్ఞులకు ఎందుకు చెప్పలేదని గట్టిగా నిలదీశారు. హైనెక్ కూడా క్రమంగా మారి, 1973లో ఈ విషయాల అధ్యయనానికి స్వయంగా ఒక కేంద్రం స్థాపించారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది.

చాలామంది అభిమానులు అనుకొన్నట్లు ప్రభుత్వం ఏదో మహారహస్యాన్ని దాచుతున్నదని మెక్‌డోనాల్డ్ అనలేదు. ఇది దాపరికం కాదు, అసమర్థత అన్నారు. ఉత్సాహం లేని చిన్న ఉద్యోగుల చేతిలో పెట్టిన కష్టమైన విజ్ఞాన సమస్య చేరవలసిన చోటికే చేరిందన్నారు.

ఇక ఆయన పని చేసే తీరు చూడండి. ఆయన కొన్ని వందలమంది సాక్షులతో స్వయంగా మాట్లాడారు. విమాన చోదకులు, రాడారు పనివారు, పోలీసులు, రైతులు, గృహిణులు – అందరితోనూ. ఏ దిక్కున? దిగంతానికి ఎంత ఎత్తున? ఎంతసేపు? మేఘాలున్నవా? గాలి ఎటు? చప్పుడు విన్నారా? మీ ప్రక్కన ఎవరున్నారు? ఇటువంటి ప్రశ్నలు వేసి, ఆనాటి వాతావరణ లెక్కలు తెప్పించి సరిచూచేవారు. వెచ్చని గాలిపొర చల్లని గాలి మీద పరచుకొన్నప్పుడు రాడారు కిరణాలు వంగి, లేని విమానాన్ని ఉన్నట్లు చూపుతాయి. ఎండమావి కూడా అటువంటిదే. ఆ వంపు ఎంత ఉండగలదో లెక్కించడం ఆయన వృత్తి విద్య. అందుచేత ‘అది ఎండమావి’ అని ఎవరైనా తేల్చివేస్తే, ఆ ఎండమావి ఏర్పడడానికి కావలసిన గాలి ఆనాడు అక్కడ ఉన్నదా అని ఆయన అడగగలిగారు. చాలాసార్లు లేదు.

ఆయన కృషికి ఒక్క ఉదాహరణ చాలు. గూఢ పరిశీలనకు నియోగింపబడిన ఒక సైనిక విమానం ఆరుగురు ఉద్యోగులతో అమెరికా దక్షిణ రాష్ట్రాల మీద ఎగురుతూ ఉండగా, ఒక ప్రకాశవంతమైన వెలుగు వందల మైళ్ళు వెంట వచ్చిందని వారు చెప్పారు. కంటికి కనిపించింది. విమానంలోని గ్రాహక యంత్రాలకు అటు నుంచే రేడియో సంకేతాలు అందాయి. నేల మీది రాడారు కేంద్రం కూడా అక్కడే ఏదో ఉన్నదని చెప్పింది. పదేండ్ల తరువాత ఒక అధికార సంఘం ఈ సంఘటనను విచారించబోతే, వైమానిక దళపు దస్త్రాలలో దీని జాడే దొరకలేదు. ఎందుచేతనంటే ఆ ఉద్యోగులు జ్ఞాపకం మీద చెప్పిన నెల తప్పు. సెప్టెంబరు అన్నారు. మెక్‌డోనాల్డ్ పట్టు విడవక వెదకి, అసలు తేదీ 1957 జూలై 17 అని తేల్చి, ఆ దస్త్రాన్ని బయటికి తీశారు. ఇందులో నక్షత్రాంతర యాత్రికుల ప్రసక్తి ఏమీ లేదు. శాసనాలను పరిష్కరించే చరిత్రకారుడు చేసే పని వంటిదే ఇది. తేదీ సరిచేస్తేగాని సత్యానికి దారి దొరకదు. తరువాత ఫిలిప్ క్లాస్ అనే విమర్శకుడు, ఆ వెలుగులో కొంత ఉల్క, కొంత ప్రయాణికుల విమానం, ఆ సంకేతాలు నేల మీది రాడారువి, పరికరపు లోపం వల్ల దిక్కు తప్పుగా చూపబడినవి అని వాదించారు. ఆ వివాదం ఇప్పటికీ ఉన్నది. అయితే వాదించుకోవడానికి దస్త్రమంటూ ఒకటి ఉన్నదంటే అది మెక్‌డోనాల్డ్ చలవ.

1967 జూన్ 7వ తేదీన ఐక్యరాజ్య సమితిలో అంతరిక్ష వ్యవహారాలు చూచే విభాగం ముందు ఆయన తన వాదాన్ని వినిపించారు. 1968 జూలై 29వ తేదీన అమెరికా ప్రతినిధుల సభకు చెందిన విజ్ఞాన సంఘం ఆరుగురు శాస్త్రజ్ఞులను పిలిచి విన్నది. వారిలో మెక్‌డోనాల్డ్, హైనెక్, ఖగోళ శాస్త్రజ్ఞులు కార్ల్ సేగన్ ఉన్నారు. మెక్‌డోనాల్డ్ 41 సంఘటనలను వివరంగా సమర్పించారు. సేగన్ మాత్రం సాక్ష్యం అంత దూరం పోవడానికి చాలదన్న అభిప్రాయం వెలిబుచ్చారు.

ఈలోగా వైమానిక దళం కొలరాడో విశ్వవిద్యాలయానికి ఒక ఒప్పందం మీద పరిశోధన అప్పగించింది. దానికి నాయకులు ఎడ్వర్డ్ కాండన్. ఆయన కూడా భౌతిక శాస్త్రజ్ఞుడే, పరమాణు శాస్త్రంలో పేరు పొందినవారు. అయితే పని మొదలు కాకముందే ఆ సంఘపు నిర్వాహకుడు వ్రాసిన ఒక లేఖ తరువాత బయటపడింది. బయటివారికి నిష్పాక్షికంగా కనిపించాలి, లోపల మాత్రం ఏమీ దొరకదన్న నమ్మకంతోనే పని సాగాలి అన్న ధోరణి అందులో ఉన్నది. ఆ లేఖ మెక్‌డోనాల్డ్ చేతికి వచ్చింది. 1968 ఫిబ్రవరిలో ఆ సంఘంలోని ఇద్దరు పరిశోధకులు ఉద్యోగాలు కోల్పోయారు. 1969 జనవరిలో దాదాపు వెయ్యి పుటల నివేదిక వెలువడింది. ఈ విషయం మీద ఇరవై యేండ్లకు పైగా జరిగిన కృషి విజ్ఞానానికి ఏమీ చేర్చలేదనీ, ఇక ముందు చేయడం వల్ల కూడా లాభం ఉండబోదనీ కాండన్ ముందుమాటలోనే తేల్చారు. కాని ఆ పుటలు ఓపికగా తిప్పినవారికి, విచారించిన సంఘటనలలో గణనీయమైన భాగం ఏమిటో తేలలేదని లోపలి అధ్యాయాలలోనే కనిపించింది. ముగింపు ఒక మాట చెప్పగా లోపలి పుటలు మరొక మాట చెప్పాయి. ఆ సంవత్సరం డిసెంబరులో వైమానిక దళం తన విచారణ శాఖను మూసివేసింది. అదే నెలలో బోస్టన్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో మెక్‌డోనాల్డ్, విజ్ఞాన ప్రపంచం తన బాధ్యతను చెల్లించలేదని నేరుగా ప్రకటించారు.

కథలో కరుణ కలిగించే భాగం ఇక వస్తుంది. 1971 నాటికి అమెరికా ప్రభుత్వం ధ్వనివేగాన్ని మించిన ప్రయాణికుల విమానాలు నిర్మించ తలపెట్టి ఉన్నది. అటువంటి విమానాలు వందలకొద్దీ ఎత్తైన వాయుమండలంలో తిరిగితే అక్కడి ఓజోను పొర పలుచబడవచ్చుననీ, సూర్యుని హానికర కిరణాలు ఎక్కువగా నేలకు చేరి చర్మానికి క్యాన్సరు వ్యాధి పెరగవచ్చుననీ మెక్‌డోనాల్డ్ లెక్కవేశారు. మార్చి 2వ తేదీన ప్రతినిధుల సభా సంఘం ముందు ఆ సంగతి చెప్పారు. ఒక సభ్యుడు, ఓజోను లెక్కను ప్రక్కకు పెట్టి పళ్ళేల మాట ఎత్తాడు. ఆకాశంలో చిన్న మనుష్యులు తిరుగుతున్నారని నమ్మేవాని మాట మేము ఎట్లా నమ్మాలన్న ధోరణిలో ప్రశ్నించాడు. గదిలో నవ్వులు లేచాయి. ఆ నవ్వులలో ఓజోను మాట వినబడకుండా పోయింది.

ఆ నెలలోనే చట్టసభ వేరే కారణాలు కూడా చూచి ఆ విమానాలకు ధనం నిరాకరించింది. కాని మెక్‌డోనాల్డ్ మనస్సు అప్పటికే కుటుంబ క్లేశాలతోనూ వేదనతోనూ కుంగి ఉన్నది. ఆ సంవత్సరం జూన్ 13వ తేదీన టూసాన్ దగ్గరి ఎడారిలో ఆయన జీవితం విషాదాంతమైంది. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరాలు. ఒక మనిషి దుఃఖానికి ఒక్కటే కారణం చెప్పడం న్యాయం కాదు, కనుక ఆ నవ్వులే ఆయనను బలిగొన్నాయని మనం అనరాదు. కాని ఓజోను మాట మాత్రం చావలేదు. ఆయన ముఖ్యంగా నీటి ఆవిరి వల్ల హాని ఊహించగా, తరువాతివారు నత్రజని సమ్మేళనాలనూ, శీతల యంత్రాలలో వాడే క్లోరిన్ సమ్మేళనాలనూ కారణంగా చూపారు. 1985లో దక్షిణ ధ్రువం మీద ఓజోను పొర పలుచబడిన సంగతి ప్రకటింపబడింది. 1987లో మాంట్రియల్ నగరంలో ప్రపంచ దేశాలు ఒడంబడిక చేసికొన్నాయి. 1995లో ఓజోను రసాయన శాస్త్రానికి నోబెల్ బహుమానం లభించింది. ఒకరి ఒక అభిప్రాయం నచ్చలేదని ఆయన మరొక మాటను కూడా వినకుండా నవ్వి త్రోసివేయడం ఎంత ప్రమాదమో ఈ ఘట్టం చెబుతున్నది.

అయితే మెక్‌డోనాల్డ్ చెప్పినదంతా ఒప్పా? కాదు. విచారించి విచారించి చివరకు ఆయన, ఈ వస్తువులు ఇతర గ్రహాల నుంచి వచ్చినవన్న ఊహే ఉన్న ఊహలలో తక్కువ అసంతృప్తికరమైనదని అన్నారు. ‘ఏమిటో తెలియదు’ అన్న మాటకూ, ‘ఇతర లోకాలది’ అన్న మాటకూ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. ఆ దూరాన్ని దాటడానికి సాక్షుల మాట ఒక్కటే వంతెన కాజాలదు. 2023లో అమెరికా అంతరిక్ష సంస్థ నియమించిన నిపుణుల సంఘం కూడా, ఇతర లోకాల సంబంధానికి ఆధారం కనబడలేదనీ, అసలు కొరత మంచి సమాచారమేననీ చెప్పింది. ఈ రెండవ మాట మెక్‌డోనాల్డ్ తన కాలంలో మొత్తుకొన్నదే.

పేరులేని వెలుగుకు పేరు ఎట్లా వస్తుందో తెలిసికొనడానికి మనం అమెరికా దాకా పోనక్కరలేదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సాగింది. ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సన్ గుంటూరులోనూ, మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలోనూ యంత్రాలు నెలకొల్పి ఎదురుచూచారు. సూర్యబింబం అంచున లేచిన జ్వాలల కాంతిని విడదీసి చూస్తే, అందులో ఒక పసుపుపచ్చని గీత కనిపించింది. అది సోడియం గీతకు సమీపంలో ఉన్నదిగాని, సరిగ్గా దాని మీద లేదని పాగ్సన్ గమనించి వ్రాశారు. ఆ నివేదికకు పెద్దగా ప్రచారం దొరకలేదు. అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ ఆ గీతను మరల చూచారు. భూమి మీద ఎవరూ ఎరుగని ధాతువుగా భావించి దానికి సూర్యుని పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. చాలామంది నమ్మలేదు. 27 సంవత్సరాల తరువాత, 1895లో, రామ్సే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక ఖనిజం నుంచి ఆ వాయువును వెలికితీశారు.

కృష్ణాతీరపు ఆకాశంలో కనిపించిన ఆ గీతకూ, మెక్‌డోనాల్డ్ వెంటబడిన వెలుగులకూ తేడా ఒక్కటే. ఆ గీత కోరినవారికి కోరినప్పుడు మరల కనిపించింది. ఈ వెలుగులు కనిపించలేదు. మరల చూపగలిగినది విజ్ఞానమవుతుంది. చూపలేనిది సాక్ష్యంగానే నిలిచిపోతుంది. సాక్ష్యమంటే అబద్ధం కాదు. తీర్పు వెలువడని వ్యాజ్యమని మాత్రమే దాని అర్థం.

మన కాలంలో తెలుగు దేశపు ఆకాశం మరింత రద్దీ అయినది. 1969 నుంచి హైదరాబాదులో టాటా పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రం ఉన్నది. అక్కడి నుంచి విడిచే పల్చని పెద్ద బెలూన్లు 30 కిలోమీటర్లకు పైగా లేస్తాయి. అంత ఎత్తున, మనకు సూర్యుడు అస్తమించిన తరువాత కూడా సుమారు 20 నిమిషాలు ఎండ తగులుతూనే ఉంటుంది. నేల మీద చీకటి పడుతున్న వేళ అవి తెల్లని ముత్యంలాగ వెలుగుతాయి. 2022 డిసెంబరులో హైదరాబాదు మీద ఇట్లా కనిపించిన వస్తువును చూచి జనం ఎన్నో ఊహలు చేశారు. చివరకు దాని క్రింద కట్టిన పెట్టె వికారాబాదు జిల్లా పొలాలలో దిగింది. అంతరిక్ష విహారానికి తయారవుతున్న వాహనపు ప్రయోగమని తేలింది. శ్రీహరికోట నుంచి సంధ్యవేళ లేచిన రాకెట్టు పొగ కూడా తీరపు జిల్లాలవారికి ఇటువంటి వింతే చూపుతుంది. 2019 నుంచి వరుసగా ముత్యాల సరంలాగ పోయే ఉపగ్రహాలు మరొక వింత.

కాబట్టి మీ ఇంటిలో ఎవరైనా పెరటిలో నుంచి పరుగెత్తుకొని వచ్చి ‘ఆకాశంలో ఏదో ఉన్నది’ అంటే నవ్వకండి, బెదరకండి. బయటికి వెళ్ళి చూడండి. గడియారం చూచి వేళ వ్రాయండి. ఏ దిక్కో వ్రాయండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. దిగంతం నుంచి ఎన్ని పిడికిళ్ళ ఎత్తున ఉన్నదో లెక్కించండి. ఇంటి చూరునో, తాటిచెట్టునో గుర్తుగా పెట్టుకొని అది కదులుతున్నదో లేదో చూడండి. నిశ్చలంగా పడమట వెలిగేది శుక్రుడు కావచ్చు. ఒకే వేగంతో పోయి హఠాత్తుగా మాయమైనది భూమి నీడలోకి ప్రవేశించిన ఉపగ్రహం కావచ్చు. అన్నింటికంటె ముఖ్యమైనది, నలుగురు చూస్తే నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే వేరువేరుగా వ్రాయండి. ఆర్నల్డ్ చెప్పిన పోలిక పళ్ళెమై కూర్చున్న సంగతి మరవకండి.

అట్లా వ్రాసిన వంద కాగితాలలో తొంభైయైదు మామూలు విషయాలే కావచ్చు. మిగిలిన అయిదింటి క్రింద ‘తెలియదు’ అని వ్రాయడానికి శాస్త్రజ్ఞుడు సిగ్గుపడనక్కరలేదు, చూచినవారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. కొల్లేటి ఒడ్డున కొరివిదయ్యాన్ని చూచానన్న పల్లెవాని మాటను దయ్యమని నమ్మడమూ తేలికే, వాయువని కొట్టివేయడమూ తేలికే. కూర్చుండబెట్టి, ‘ఎక్కడ చూచావు నాయనా, ఎంతసేపు చూచావు?’ అని ఓపికతో అడగడమే కష్టం. టూసాన్ నగరపు శాస్త్రజ్ఞుడు తన సాయంకాలాలు వెచ్చించినది ఆ కష్టమైన పనికే. ఆయన చెప్పిన జవాబు నిలిచినా నిలవకపోయినా, ఆయన అడిగిన తీరు నిలుస్తుంది.